జక్రయ్య ఎంచుకున్న వాక్యం

అద్దంకికి తూర్పున చినమల్లవరం పాలెంలో ఒక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక ఎవరూ లేచి వెళ్లరు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ తాను కూర్చున్న చోటనే నిలబడి, తనకిష్టమైన వాక్యం ఒకటి పైకి చెప్పాలి. ఆ ఏడాదంతా అదే ఆ మనిషి వాక్యం. మంచాన పడితే పాస్టరుగారు వచ్చి ఆ వాక్యమే చదివి ప్రార్థన చేస్తారు. ఇంటికి పునాది తీస్తే అదే చదువుతారు. కాలం తీరితే సమాధి దగ్గర చదివేది కూడా అదే. అందుకని డిసెంబరు వచ్చిందంటే చాలు, మిరపచేలో కలుపు తీస్తూ కూడా ఆడవాళ్లు వాక్యాలు వల్లె వేసుకుంటూ ఉంటారు. ఎవరి వాక్యం ఎంత పొడుగు, ఎవరు తడబడకుండా చెప్పారు అన్నది సంక్రాంతి దాకా మాట్లాడుకునే సంగతి.

పందొమ్మిది వందల ఎనభై ఆరు జనవరిలో జయకుమారి ఇరవై మూడో కీర్తన మొత్తం చెప్పింది. ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’ అని మొదలుపెట్టి, ఒక్క మాట కూడా జారకుండా చివరిదాకా అప్పజెప్పి కూర్చుంది. ఆడవాళ్ల వైపు నుంచి ‘ఆమెన్’ అని గట్టిగా వినిపించింది. ఆమె పైట సర్దుకుని, మగవాళ్ల వైపు ఓరకంటితో చూసింది. అందరికన్నా వెనక, గుమ్మం పక్కన పరిచిన చాప మీద ఆమె మొగుడు జక్రయ్య ఉన్నాడు.

ఆ చాప మందు కొట్టేవాళ్లది. పత్తిచేలో పంపు వీపున వేసుకుని పురుగుమందు కొట్టే నలుగురైదుగురు ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. అక్కడే కూర్చోమని వాళ్లకెవరూ చెప్పలేదు. ఎంత ఉతికినా వాళ్ల చొక్కాల నుంచి వచ్చే వాసనకు పక్కవాళ్లు జరిగి జరిగి కూర్చుంటుంటే, వాళ్లంతట వాళ్లే గుమ్మం దగ్గరకు చేరారు.

జక్రయ్య వంతు వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి లేచాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఎదురుగా గోడమీద ఏదో రాసి ఉన్నట్టు చూశాడు. చివరికి, “యేసు కన్నీళ్లు విడిచెను” అనేసి కూలబడ్డట్టు కూర్చున్నాడు.

చర్చంతా గొల్లున నవ్వింది.

“ఏం జక్రయ్యా, ఈ ఏడు గూడా ఆయన్ని ఏడిపిచ్చావా?” అన్నాడు బుల్లయ్య. బైబిలు మొత్తంలో అంతకన్నా చిన్న వాక్యం లేదని ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పుకుంటారు. బహుమతిగా ఇచ్చే పిప్పరమెంటు బిళ్ల కోసం హడావుడిగా చెప్పేసి పారిపోయే పిల్లలు ఎంచుకునే వాక్యం అది. పాస్టరు ప్రకాశరావుగారు కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. జక్రయ్య కూడా నవ్వాడు. జయకుమారి మాత్రం నవ్వలేదు.

ఇంటికి పోయేదారిలో మిరప కళ్లం దగ్గర ఆగి ఆమె మొగుణ్ని కడిగేసింది.

“సిగ్గనిపియ్యలేదంటయ్యా నీకు? మూడేళ్లబట్టీ అదే! నా తల తీసి నేలకేసి కొట్టావు పో.”

“దానికేం తక్కువే? మూడే మాటలు. అయినా ఆయన మనింటికొచ్చి మన అరుగు మీద కూర్చున్నట్టు లేదూ?”

“వంకలు చెప్పమాక. బాప్తిస్మం నాడు నూటమూడో కీర్తన ఆసాంతం చెప్పావు. మా నాయన అది విని గదయ్యా నన్ను నీకిచ్చింది! ఆ నోరేమైంది?”

జక్రయ్య కింద పడిన ఒక మిరపకాయ ఏరి కళ్లంలోకి విసిరాడు.

“నిలవటంలేదు జయా. రేత్రి అనుకుంటే పొద్దుటికి జారిపోతన్నయి. నోటికొచ్చేసరికి నాలిక మందమైద్ది. ఈ మూడు మాటలే ఆడ ఉంటన్నయి. ఉన్నది చెప్పా.”

“బద్ధకం” అన్నది జయకుమారి.

ఈ కథ చదివే మీలో ఎవరూ ఆమెను తప్పుబట్టలేరు. పాలెంలో అందరూ అనుకున్న మాటే ఆమె అన్నది. పాడే గొంతున్న మనిషి పాడటం మానేస్తే బద్ధకమన్నారు. చెప్పిన మాట మర్చిపోతే నిర్లక్ష్యమన్నారు. బువ్వ తింటూ తింటూ చెయ్యి వణికి ముద్ద జారిపోతే, చాటుగా తాగుతున్నాడేమోనన్నారు. మనిషిలోంచి ఒక్కొక్కటే ఎవరో దొంగిలించుకుపోతుంటే, పోగొట్టుకుంటున్నవాణ్నే దొంగను చూసినట్టు చూశారు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు వెనక్కి తిప్పి చూస్తే పిండి చల్లినట్టుండేది. చేనుగట్టు మీద నడుస్తుంటే మొహాన ముసిరేది. ఒక మందుకు చావకపోతే రెండు, రెంటికీ లొంగకపోతే మూడు కలిపి కొట్టారు. వీరరాఘవయ్యగారు ఆ ఊళ్లో పెద్ద రైతు. చెడ్డవాడు కాదు. చర్చి పైకప్పుకు రేకులు వేయించింది ఆయనే. కానీ కళ్లముందు చేను నల్లబడుతుంటే ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. డ్రమ్ములో మందు తానే పోసి, కర్రతో తానే కలిపేవాడు. “కొట్టరా జక్రయ్యా, ఇంకోసాలు, ఇంకోసాలు” అంటూ గట్టు మీద నిలబడేవాడు.

జక్రయ్య లుంగీ ఎగగట్టి, మూతికి తువ్వాలు చుట్టుకుని, వట్టి కాళ్లతో సాళ్లలో నడిచేవాడు. గాలి తిరిగినప్పుడల్లా మందు తుంపర మీదనే పడేది. పంపు మూతి పూడుకుపోతే విప్పి నోటితో ఊది మళ్లీ బిగించేవాడు. మందు కొట్టేవాళ్లందరూ అలాగే చేస్తారు. ఎవరూ వద్దనలేదు. వద్దనాలని ఎవరికీ తెలియలేదు. తెలిసినవాళ్లు చేనుదాకా రాలేదు.

అక్టోబరులో ఒకరోజు ఎండెక్కేవేళకు జక్రయ్య సాలు మధ్యలో మోకాళ్ల మీద కూలిపోయాడు. పంపు ఇంకా వీపునే ఉంది. తీసుకొచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. ఒళ్లంతా చెమట. నోటివెంట చొంగ ఆగకుండా కారుతోంది.

“ఎండదెబ్బ” అన్నారెవరో. మజ్జిగ తెచ్చి పోశారు. జయకుమారి పరుగెత్తుకుని వచ్చేసరికి అతని కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను చూడటం లేదు. పాస్టరుగారు కబురందుకుని వచ్చారు. తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. వీరరాఘవయ్యగారి ట్రాక్టరు నీళ్ల డ్రమ్ములేసుకుని దూరం చేనికి పోయి ఉంది. “ఆ డ్రమ్ములు దించి వచ్చేస్తదిలే” అన్నాడాయన. అందరూ కూర్చున్నారు. ట్రాక్టరు డ్రమ్ములు దించింది, ఖాళీ డ్రమ్ములు ఎక్కించింది, అప్పుడొచ్చింది.

అద్దంకి ఆస్పత్రిలో డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, ప్రాణం పోయిందని చెయ్యి తీసేశాడు.

“మందు చొక్కా ఇంకా ఒంటిమీదే ఉందేంటమ్మా? పడిపోగానే బట్టలిప్పి ఒళ్లు కడగాలి. క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. ఎన్నేళ్ల నుంచి కొడుతున్నాడు?”

“మా పిల్ల పుట్టిన కాణ్నించి.”

“మరుపు ఉండేదా? మాట తడబడేదా? చేతులు వణికేవా?”

జయకుమారి ఆ మూడింటికీ తల ఊపింది. “అదంతా ఆ మందు చేసిన పనేనమ్మా” అన్నాడు డాక్టరు. ఆమె ఆస్పత్రి అరుగు మీద కూర్చుని, నోట్లో పైట కుక్కుకుని, “బద్ధకమన్నానే! బద్ధకమన్నానే!” అని గోడకు తల బాదుకుంది. ఎందుకు బాదుకుంటోందో పక్కనున్నవాళ్లకు అర్థం కాలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు జక్రయ్య వాక్యం చదవలేదు. అంత దుఃఖంలో ఆ పిల్లల వాక్యం చదివితే ఎవరికైనా నవ్వు వస్తుందేమోనని వెరచారు. ‘యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొని పోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగును గాక’ అని చదివి, అందరం తల వంచవలసిందే అని చెప్పారు. అందరూ తల వంచారు. దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడిన వీరరాఘవయ్యగారు కూడా కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పాస్టరుగారిని పక్కకు పిలిచి, “ఎంత మంచి మాట చదివారండీ! గుండె తేలికపడింది. మార్టూరు నుంచి నల్లరాయి తెప్పిస్తా. ఆ మాటే చెక్కిద్దాం. నాకు ఇరవయ్యేళ్లు చాకిరీ చేసినోడు” అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. ఆయన గుండె నిజంగానే తేలికపడింది. చిక్కంతా అక్కడే ఉంది.

నెల తిరక్కముందే జక్రయ్య పంపు అతని తమ్ముడు ఇమ్మానియేలు వీపుకెక్కింది. ఇరవై రెండేళ్లవాడు. అన్న ఇంట్లోనే పెరిగాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా దండెం మీద వేస్తుంటే ఆ వాసన ముందుగా జయకుమారి కూతురు దేవకుమారికి తగిలింది. “అమ్మా, నాయన వాసన” అన్నది పిల్ల.

జయకుమారి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

“ఏందిరా ఇది? నీకేం పొయ్యేకాలం వచ్చిందా?”

“ఏందేముంది వదినా, పని. మిరపకోతలకింకా నెల పైనే ఉంది. అందాకా ఏం తింటాం?”

“గంజి తాగుదాం. తాగకపోతే పస్తుందాం. ఆ పంపు పట్టమాకరా నాయనా, నీ కాళ్లు పట్టుకుంటా.”

“ఊరుకో వదినా! మందు చంపే పనైతే ఊళ్లో పంపు పట్టినోళ్లంతా ఈపాటికి పోవాలిగా? అన్నని దేవుడు తీసుకున్నాడు. నేను చెప్పటంలా, అయ్యగారే చదివాడు సమాధి కాడ. నా దినం వస్తే ఈడ నులకమంచం మీద పడుకున్నా వచ్చుద్ది. రాకపోతే డ్రమ్ములో మునిగినా రాదు.”

“అది కాదురా...”

“ఏం కాదు? వాక్యం తప్పంటావా?”

వాక్యం తప్పని ఎలా అంటుంది? చిన్నప్పటి నుంచి ఏ వాక్యాన్నీ తప్పని అనలేదు. కానీ ఆ రాయి వచ్చి సమాధి మీద కూర్చుంటే, రేపు ఇమ్మానియేలు, ఎల్లుండి ఇంకొకడు, ఆ నాలుగు మాటల మీదుగా నడుచుకుంటూ పత్తిచేలోకి పోతారని ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. జక్రయ్య చనిపోయిన రోజున కూడా ఆమెకు అంత భయం వేయలేదు.

మర్నాడు పాస్టరుగారి వరండాలో మెట్టు మీద కూర్చుంది.

“అయ్యగారూ, ఆ రాయి మీద మా ఆయన వాక్యమే రాయించండి. ఇష్టపడి చెప్పుకున్న వాక్యం గదా. చచ్చిపోతే అదే గదా చదవాల్సింది.”

“అమ్మా, రాయి చెక్కడం మొదలుపెట్టారట. పైగా ఆ వాక్యం... చూసినవాళ్లు నవ్వుతారమ్మా.”

“నవ్వితే నవ్వనీండి. ఇన్నేళ్లూ నేనూ నవ్వులపాలనుకున్నా. ఇంతకీ ఎందుకేడిచాడయ్యగారూ ఆయన? ఒక్కసారి గూడా అడగలా నేను.”

పాస్టరుగారు లోపలినుంచి బైబిలు తెచ్చారు. లాజరు కథ ఆమెకు తెలియనిది కాదు. సమాధిలోంచి లేచి వచ్చిన సంగతే అందరూ చెప్పుకుంటారు గనుక దానికి ముందు జరిగింది ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆయన మెల్లగా చదివారు. యేసు వచ్చేసరికి లాజరు చనిపోయి ఉన్నాడు. అతని అక్కచెల్లెళ్లిద్దరూ ఏడుస్తూ ఎదురొచ్చారు. ‘ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును.’

“ఆ మాట ఆయన మొఖాన్నే అన్నదా?”

“అన్నది. అక్కా అన్నది, చెల్లెలూ అన్నది.”

“కోప్పడలా?”

“లేదమ్మా.”

“ఇచ్చినోడే తీసుకున్నాడు, తల వంచుకోండి అనలా?”

పాస్టరుగారు పేజీ మీద వేలు పెట్టి పైకీ కిందకీ చూశారు, అక్కడ అలాంటి మాట ఒకటి ఉంటే బాగుండునన్నట్టు. “అనలేదు. ఏడ్చాడు” అన్నారు.

“ఏడ్చి?”

“సమాధికి అడ్డంగా పెట్టిన రాయి చూపించి, ‘రాయి తీసివేయుడి’ అన్నాడు.”

“ఆయనే తియ్యొచ్చుగా? చచ్చినోణ్ని లేపేవాడికి రాయొక లెక్కా?”

దొడ్లో పాస్టరమ్మగారు నీళ్లు తోడుతున్న బొక్కెన చప్పుడు వినిపించింది.

“మనుషుల చేతులకు చేతనైన పని మనుషులకే వదిలిపెట్టాడేమోనమ్మా” అన్నారాయన. అని, తన మాట తానే విన్నట్టుగా పుస్తకం మూసేశారు. కానీ రాయి విషయం మాత్రం మారలేదు. “వీరరాఘవయ్యగారు మనసుపడి చేయిస్తున్నారు. కాదంటే ఏమనుకుంటారో” అన్నారు. జయకుమారి లేచి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

డిసెంబరు మొదటి వారంలో రాయి వచ్చింది. పాలెం సమాధుల దొడ్డికి ఆనుకుని వీరరాఘవయ్యగారి పత్తిచేనే ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క ముళ్లకంప. ట్రాక్టరు ట్రక్కులో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రాయి, దాని పక్కన సిమెంటు, ఇసక, నీళ్ల బిందెలు. జనం చేరారు. రాయి నునుపుగా, నల్లగా, మొహం కనిపించేలా మెరుస్తోంది. చెక్కిన అక్షరాల్లో తెల్లరంగు నింపారు. “పెద్దోళ్లకు గూడా ఇంత రాయి పడదు” అన్నాడు బుల్లయ్య. కొందరు ఆడవాళ్లు ఆ రాయిని ముట్టుకుని జయకుమారి అదృష్టం గురించి మాట్లాడారు. అదృష్టమనే మాట ఆమె చెవిన పడింది.

“మీ మరిదేడే?” అని ఎవరో అడిగారు.

“ఇదిగో, ఈ చేలోనే ఉన్నాడు. గాలి లేదు, దోమ అణిగి ఉంది, నాలుగు సాళ్లు కొట్టేసి వస్తానన్నాడు” అన్నాడు వీరరాఘవయ్యగారు.

పాస్టరుగారు పుస్తకం తెరిచారు. పాట అయింది. అందరూ తలలు వంచారు. ఆయన, ‘యెహోవా ఇచ్చెను’ అని మొదలుపెట్టేసరికి, కంప అవతలనుంచి పంపు కొట్టే చప్పుడు ఆగిపోయింది. అక్కడున్నవాళ్లలో ఆ చప్పుడు వింటున్నది జయకుమారి ఒక్కతే గనుక, ఆగినట్టు తెలిసింది కూడా ఆమె ఒక్కదానికే.

ఆమె తలెత్తింది. పత్తిమొక్కల మీద మనిషి తల కనిపించలేదు.

కంపలోంచి ఎలా దూరిపోయిందో ఎవరూ చూడలేదు. చీర చిరిగి ముళ్లకు వేలాడటం మాత్రమే చూశారు. ఇమ్మానియేలు సాలులో బోర్లా పడి ఉన్నాడు. పంపు మూత ఊడి మందంతా వీపు మీద ఒలికిపోతోంది. నోటివెంట అదే చొంగ.

“రాండయ్యో! రాండి! నా బిడ్డ పోతన్నాడు!”

పరుగెత్తుకుని వెళ్లి మోసుకొచ్చారు. “నీడకు తీసుకెళ్లండి, మజ్జిగ తెండి” అని ఎవరో అరిచారు. “ఎండదెబ్బే” అని ఇంకొకరు. అక్టోబరులో అన్న మాటలే, అదే వరసలో. జయకుమారి ఆ మాటలు వింటూనే మరిది చొక్కా రెండు చేతులా పట్టి చించేసింది. సిమెంటు కలపడానికి తెచ్చిన నీళ్ల బిందె ఎత్తి అతని మీద గుమ్మరించింది. ఇంకో బిందె, ఇంకో బిందె. చేతులతో వీపూ తలా రుద్దింది.

“ట్రాక్టరు తియ్యండి! అద్దంకి పోవాల!”

“రాయుందే అందులో!” అన్నాడు డ్రైవరు.

నిజమే. ట్రక్కు నిండా రాయే. మనిషిని పడుకోబెట్టే చోటు లేదు.

“ఉండండి, మోకులు తెప్పిస్తా. ఎనిమిదిమంది పట్టుకుని మెల్లగా దించాలి. తొందరపడితే పగుల్తుంది” అన్నాడు వీరరాఘవయ్యగారు. మార్టూరులో ఆ రాయిని తానే దగ్గరుండి ఎంచుకున్నాడు.

జయకుమారి ట్రక్కు అంచు పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. అయ్యా అనకుండా ఆయనతో మాట్లాడటం ఆ పాలెంలో ఎవరూ ఎరగరు.

“నాడు డ్రమ్ములు దించిందాకా కూర్చున్నాం. నేడు రాయి దించిందాకా కూర్చోమంటావా? మీరుండి గూడా నా మొగుడు చచ్చాడు! మీరందరూ చెట్టు కింద ఉండగానే చచ్చాడు! దేవుడు తీసుకోలా, మనం పోనిచ్చాం. రాయి తియ్యండి! పగిలితే పగలనీండి, రాయి తియ్యండయ్యా!”

అందరూ వీరరాఘవయ్యగారి వైపు చూస్తున్నారు.

అప్పుడు పాస్టరు ప్రకాశరావుగారు తెరిచిన పుస్తకాన్ని జక్రయ్య సమాధి మట్టి మీద పెట్టి, చెప్పులు వదిలి, తెల్లపంచె ఎగగట్టి ట్రక్కెక్కారు. రాయికి భుజం ఆనించారు. ఆయన ఒక్కరివల్ల అది వెంట్రుకంత కూడా కదలలేదు. బుల్లయ్య ఎక్కాడు. మందు కొట్టేవాళ్ల చాప మీద కూర్చునే నలుగురూ ఎక్కారు. “హుప్!” అన్నారు. నల్లరాయి అంచుదాకా జరిగి, ఒక్క క్షణం ఆగి, కింద పడి రెండు ముక్కలైంది.

ఎవరూ దానివైపు చూడలేదు.

ఇమ్మానియేలు బతికాడు. బతికాడంటే, మునుపటి ఇమ్మానియేలు ఇంటికి రాలేదు. గ్లాసు పట్టుకుంటే చేతిలో నీళ్లు ఒలుకుతాయి. పొలం పనికి ఇక పనికిరాడని డాక్టరు చెప్పాడు. ఆ ఏడు మిరపకోతలకు వీరరాఘవయ్యగారి మేస్త్రి జయకుమారిని పిలవలేదు. ఆమె తెల్లారకముందే లేచి కూతురితో సహా పక్క ఊళ్లకు నడిచిపోయి కాయలు కోసింది. కొందరు ఆమె పొగరుబోతుతనం వల్ల పాలెం మొత్తానికి పని పోతుందన్నారు. మందు కొట్టేవాళ్లలో ఇద్దరు, చేనుగట్టు మీద నీళ్లు, సబ్బు, మార్చుకోను బట్టలు, కబురందితే వచ్చే ట్రాక్టరు లేకపోతే పంపు ఎత్తబోమని చెప్పారు. మిగిలినవాళ్లు ఎత్తారు. ఆకలి వాళ్లది. వాళ్లనేమనగలం?

మళ్లీ జనవరి వచ్చింది. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక జనం వరసగా లేచి వాక్యాలు చెబుతున్నారు. ఇమ్మానియేలు గుమ్మం పక్కన చాప మీద అన్న చోట కూర్చున్నాడు. వంతు రాగానే గోడకు చెయ్యి ఆనించి లేచాడు. పెదవులు కదిలాయి. “యేసు... కన్నీళ్లు... విడిచెను” అన్నాడు.

ఒక్కరు కూడా నవ్వలేదు. బుల్లయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

జయకుమారి లేచింది. ఇరవై మూడో కీర్తన చెబుతుందని అందరూ ఎదురుచూశారు.

“రాయి తీసివేయుడి” అన్నది. కూర్చుంది.

పాస్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయన చేతిలో ఆరోజు పుస్తకం లేదు.

“మన పాలెంలో పొడుగు వాక్యం గొప్పదని, చిన్న వాక్యం పిల్లలదని అనుకుంటూ వచ్చాం. చదవటానికి ఇంపుగా ఉన్నది, వింటే గుండె తేలికపడేది ఏరుకున్నాం. సమాధి దగ్గర నేను చదివిన యోబు మాట గొప్పదే. కానీ అది అన్నీ పోగొట్టుకున్నవాడు తన నోటితో తాను చెప్పుకున్న మాట. ఎవరివల్ల పోయిందో వాళ్లు, ఊరుకుని చూసినవాళ్లు, విధవరాలి ముందు నిలబడి చెప్పవలసిన మాట కాదు. జక్రయ్యకు మన పొలాల్లోనే నాలిక మొద్దుబారింది, మనస్సులోంచి కీర్తనలు కొట్టుకుపోయాయి. చివరికి ఆయనకు మిగిలింది ఏడ్చిన యేసు ఒక్కడే. మనం ఆ యేసును చూసి నవ్వాం. వాక్యం ఎంచుకోవటమంటే నోటికి రావటం కాదు. అది మనల్ని ఏ పనికి లేపుతుందో ఆ పనికి లేవటం.”

ఆయన ఇంకా నిలబడి ఉండగానే, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె లేచి, తన చాప చుట్టి చంకన పెట్టుకుని, వెనక్కి నడిచి మందు కొట్టేవాళ్ల పక్కన పరుచుకుని కూర్చుంది.

ఈనాటికీ జక్రయ్య సమాధి మీద రాయి లేదు. మట్టిదిబ్బే ఉంది. పగిలిన నల్లరాయి ముక్కలు కంప పక్కన పడి ఉన్నాయి. పాలెంవాళ్లు వాటిని తీయనివ్వరు. చేలోకి పోయే ప్రతి మనిషీ వాటిని దాటుకునే పోవాలి. దాటేటప్పుడు ఒక్కసారి ఆగి ఆలోచించాలి. దేవుని వాక్యం చచ్చినవాడి నోటి మీద మనం పెట్టే రాయి కాదు. బతికున్నవాడి మీదనుంచి ఆ రాయిని తీయమని మన చేతులకు ఆయన చెప్పిన పని.